వడ్డీ ప్రోగ్రాం 0.00 చూపిస్తోంది, ల్యాప్‌టాప్‌లో ఐతే ‘పౌ’ అసలు దొరకట్లేదంటోంది

నాలుగో బెంచీ

అన్నలూ, అక్కలూ, గురువారం సి లాంగ్వేజ్ ల్యాబ్ ఎక్స్‌టర్నల్. టెన్షన్‌తో రెండు రోజులుగా నిద్ర లేదు. ఉండేది అమీర్‌పేట్‌లో హాస్టల్, నాకు సిస్టమ్ లేదు, రూమ్మేట్ ల్యాప్‌టాప్ మీద చేస్తున్నా, దాంట్లో ఉబుంటు (లినక్స్) ఉంది. కాలేజీ ల్యాబ్‌లో మాత్రం ఆ నీలం తెర పాత కంపైలర్, టర్బో సి. ఇది ఫోన్లో తెలుగు కీబోర్డుతో కొడుతున్నా కాబట్టి కోడ్ కూడా తెలుగు అక్షరాల్లోనే పెడుతున్నా, మెషీన్లో మాత్రం ఇంగ్లీషులోనే ఉంది, సర్దుకోండి.

రికార్డులో ప్రశ్న ఇది: అసలు, నెలకి నూటికి ఎంత వడ్డీ, ఎన్ని నెలలు అనేవి ఇస్తే చక్రవడ్డీతో మొత్తం ఎంతవుతుందో చెప్పే ఫంక్షన్ రాయాలి. సీనియర్ రికార్డు జిరాక్స్ తీయించుకుని దాన్ని చూసి రాశా:

#ఇంక్లూడ్ <ఎస్‌టీడీఐఓ.హెచ్>
#ఇంక్లూడ్ <మ్యాథ్.హెచ్>

డబుల్ వడ్డీ();

ఇంట్ మెయిన్()
{
ప్రింట్ఎఫ్("%.2ఎఫ్", వడ్డీ(10000, 2, 12));
}

డబుల్ వడ్డీ(అసలు, రేటు, నెలలు)
డబుల్ అసలు, రేటు;
ఇంట్ నెలలు;
{
రిటర్న్ అసలు * పౌ(1 + రేటు / 100, నెలలు);
}

(జిరాక్స్‌లో కోనియో.హెచ్, క్లియర్ స్క్రీన్, గెట్‌సీహెచ్ కూడా ఉన్నాయి. ఉబుంటులో ఆ ఫైలే లేదంది, తీసేశా.)

ఇప్పుడు గొడవలు రెండు. ల్యాప్‌టాప్‌లో ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు పౌ’ (ఘాతం లెక్కగట్టే ఫంక్షన్ అది) అని వచ్చి ఆగిపోతోంది. మ్యాథ్.హెచ్ పెట్టాను కదా, ఇంకేం కావాలి దానికి? ఎక్కడో చదివి -ఎల్ఎం కూడా పెట్టా, ‘జీసీసీ -ఎల్ఎం వడ్డీ.సి’ అని (జీసీసీ అంటే ఉబుంటులో సి కంపైలర్), ఐనా అదే ఎర్రర్. రెండోది, ఇదే కోడ్‌ని ఫోన్లో ఆన్‌లైన్ కంపైలర్లో పెడితే రన్ అవుతోంది కానీ జవాబు 0.00! పదివేలు అప్పిచ్చి ఏడాది తర్వాత అడిగితే సున్నా అంటే ఎవడైనా ఊరుకుంటాడా? సీనియర్‌ని అడిగితే ‘నాకు వచ్చింది రా’ అంటున్నాడు. నేను మార్చిందల్లా ఒకటే, వాడు 10000.0, 2.0 అని రాశాడు, ఆ పాయింట్ సున్నాలు దేనికిలే అని నేను తీసేశా.

ఇంకోటి, ఆ బ్రాకెట్ల బయట రకాలు రాయడం చూడ్డానికి వింతగా ఉందని లోపలికి మార్చి (డబుల్ అసలు, రేటు, ఇంట్ నెలలు) అని రాస్తే ‘అన్‌నోన్ టైప్ నేమ్ రేటు’ అంది. దెబ్బకి మళ్లీ పాతదే పెట్టేశా.

పైథాన్ చాలు

తమ్ముడూ, ఈ రోజుల్లో సి ఎవరు రాస్తున్నారు. పైథాన్ నేర్చుకో, ఇంపోర్ట్ మ్యాథ్ అంటే పని అయిపోతుంది. నీ కోడ్‌లో మ్యాథ్.హెచ్ పెట్టావు కాబట్టి పౌ కోడ్ మొత్తం నీ ఫైల్లోకి వచ్చేసి ఉండాలి, రాలేదంటే ఆ ల్యాప్‌టాప్‌లో కంపైలర్ సరిగ్గా ఎక్కలేదు. తీసేసి మళ్లీ ఎక్కించు.

రాయదుర్గం లాస్ట్ మెట్రో

కంపైలర్ తీసెయ్యకు బాబూ, అది రూమ్మేట్ ల్యాప్‌టాప్.

ముందు పౌ సంగతి. మ్యాథ్.హెచ్‌లో పౌ కోడ్ ఉండదు. అందులో ఉండేది ఒక్క ప్రకటన: ‘పౌ అనేదొకటి ఉంది, రెండు డబుల్స్ (పాయింట్ ఉండే అంకెలు) తీసుకుంటుంది, ఒక డబుల్ తిరిగిస్తుంది’ అని. మన ఇళ్లల్లో ఫంక్షన్ అంటే తెలుసుగా, దాని లెక్కలోనే ఆలోచించు. హెడర్ ఫైల్ అంటే శుభలేఖ. ఎవరి పెళ్లి, ఎన్నింటికి, ఎక్కడ అని ఉంటుంది. దాన్ని చూసి నువ్వు చొక్కా ఇస్త్రీ చేయించుకోవచ్చు, సెలవు పెట్టుకోవచ్చు, కానీ శుభలేఖలో భోజనం ఉండదు. భోజనం ఫంక్షన్ హాల్లో ఉంటుంది. ఆ హాలు ఇక్కడ మ్యాథ్ లైబ్రరీ, లిబ్ఎం అంటారు దాన్ని. శుభలేఖ చదివి ‘సరే, అన్నీ పద్ధతిగా ఉన్నాయి’ అనేది కంపైలర్. నిన్ను ఆటోలో హాలు దాకా తీసుకెళ్లేది లింకర్. ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అని వచ్చిందంటే కంపైలర్ పని అయిపోయినట్టే, ఆటోవాడికి హాలు దొరకలేదు, అంతే. ఎర్రర్ చివర ఎల్‌డీ అనే పేరు కనిపిస్తుంది చూడు, ఆ కేకలు లింకరువి.

లినక్స్‌లో సి లైబ్రరీ ఒకటి, మ్యాథ్ లైబ్రరీ వేరొకటి. ప్రింట్ఎఫ్ ఉండే సి లైబ్రరీని జీసీసీ అడక్కుండానే కలుపుతుంది, మ్యాథ్‌ని -ఎల్ఎం అని చెబితేనే కలుపుతుంది. నువ్వు చెప్పావు కానీ ముందు చెప్పావు. లింకర్ ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది. -ఎల్ఎం దగ్గరికి వచ్చేసరికి ఇంకా ఎవరూ పౌ కావాలని అడగలేదు, కాబట్టి ఉబుంటులో అది ‘ఈ లైబ్రరీతో పని లేదు’ అని వదిలేస్తుంది. తర్వాత నీ ఫైల్ వచ్చి పౌ కావాలంటే అప్పటికే స్టాపు దాటిపోయింది. ఇలా కొట్టు:

జీసీసీ వడ్డీ.సి -ఎల్ఎం

నన్ను మొదటి ఏడాది చావగొట్టింది ఇంకొకటుంది, చెబుతా. పౌ(2.0, 3.0) అని అంకెలు నేరుగా పెట్టి టెస్ట్ చేస్తే -ఎల్ఎం లేకుండానే పనిచేస్తుంది. జీసీసీ ఆ లెక్క కంపైల్ చేసేటప్పుడే కట్టేసి 8 అని పెట్టేస్తుంది, లైబ్రరీ దాకా వెళ్లదు. వేరియబుల్స్ పెట్టగానే ఎర్రర్. అది తెలియక నేనూ ఒకసారి జీసీసీ తీసేసి మళ్లీ ఎక్కించినవాణ్ణే, అందుకే పైన వద్దన్నా.

రేటు ఎర్రర్ చిన్నదే. వేరియబుల్స్ ప్రకటించేటప్పుడు ‘డబుల్ అసలు, రేటు;’ అని ఒకే డబుల్‌తో ఇద్దరినీ కానిచ్చేయొచ్చు. పారామీటర్ల బ్రాకెట్లో అది చెల్లదు, ఎవరి రకం వాళ్ల ముందే ఉండాలి: (డబుల్ అసలు, డబుల్ రేటు, ఇంట్ నెలలు). బస్సులో ఒక టికెట్ మీద ఇద్దరు కూర్చోకూడదు.

0.00 సంగతి ఎవరైనా అందుకోండి, నా స్టాప్ వచ్చింది.

పైథాన్ చాలు

హెడర్‌లో కోడ్ ఉంటుందనే ఇన్నేళ్లుగా అనుకుంటున్నా. సరే, ఆ ముక్క వెనక్కి తీసుకుంటున్నా. పైథాన్ సలహా మాత్రం తీసుకోను.

కోఠి పాతపుస్తకం

0.00 నేను అందుకుంటాను. ఇరవై ఏళ్ల పైగా ఈ సబ్జెక్టే చెబుతున్నాను, మొదట నేర్చుకున్నది కోఠీలో ఫుట్‌పాత్ మీద కొన్న అట్ట లేని పుస్తకంలో. అచ్చం నీ జిరాక్స్‌లోలాగే అందులోనూ పారామీటర్ల రకాలు బ్రాకెట్ బయటే ఉండేవి.

నీ సీనియర్ తప్పు రాయలేదు నాన్నా, బాగా పాతది రాశాడు. 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ సి తయారుచేసినప్పుడు పద్ధతి అదే. 1978లో కర్నిగన్‌తో కలిసి ఆయన రాసిన పుస్తకంలోనూ అదే ఉంది, అందుకే దాన్ని కె అండ్ ఆర్ స్టైల్ అంటారు. బ్రాకెట్లో పేర్లు మాత్రం, రకాలు కింద. పైన ‘డబుల్ వడ్డీ();’ అన్నావు చూడు, ఆ ఖాళీ బ్రాకెట్లకి ‘ఏమీ తీసుకోదు’ అని కాదు అర్థం. ‘ఏం తీసుకుంటుందో నేను చెప్పను’ అని అర్థం. లాస్ట్ మెట్రో గారి భాషలో చెప్పాలంటే పెళ్లికొడుకు పేరు మాత్రం అచ్చేసి ముహూర్తం, వేదిక ఖాళీగా వదిలేసిన శుభలేఖ.

అలా వదిలేస్తే కంపైలర్ ఏం చేస్తుంది? నువ్వు ఏది ఇస్తే అది ఇచ్చినట్టే పంపుతుంది. 10000 అన్నావు, అది ఇంట్, అంటే పూర్ణాంకం, ఇంట్‌గానే పోయింది. 10000.0 అని ఉంటే డబుల్‌గా పోయేది. సీనియర్ పాయింట్ సున్నా పెట్టింది సోకుకి కాదు. వాడికి తెలిసి పెట్టాడో, వాడి సీనియర్ పెట్టాడని పెట్టాడో మనకు తెలియదు, నా అనుభవంలో ఐతే రెండోదే.

లోపల జరిగింది దగ్గర నుంచి చూద్దాం, ఇది ఒకసారి చూస్తే జన్మలో మర్చిపోవు. 64 బిట్ ఇంటెల్ మెషీన్లో లినక్స్ మీద ఫంక్షన్‌కి పంపే పూర్ణాంకాలు ఒక వరస రిజిస్టర్లలో (ప్రాసెసర్ లోపలి చిన్న గదుల్లో) పోతాయి, డబుల్స్ వేరే వరసలో పోతాయి. నువ్వు మూడూ పూర్ణాంకాలే పంపావు కాబట్టి మూడూ మొదటి వరసలోనే చేరాయి: 10000, 2, 12. ఇక అవతల నీ ఫంక్షన్ తన నిర్వచనం ప్రకారం అసలు, రేటు డబుల్స్ కదా అని రెండో వరసలో చూసింది. అక్కడ నువ్వు పెట్టింది ఏమీ లేదు, అంతకుముందు మిగిలిన చెత్త ఏదుంటే అది తీసుకుంది, నీ ఖర్మకొద్దీ అది సున్నా అయినట్టుంది. ఇక నెలలు ఇంట్ కాబట్టి పూర్ణాంకాల వరసలో మొదటి గదిలో చూసింది. అక్కడ ఏముంది? నీ 10000. అంటే సున్నా అసలుకి సున్నా వడ్డీ చొప్పున పదివేల నెలలకి లెక్క కట్టింది. దాని లెక్క తప్పలేదు. ఇంకో మెషీన్లో, ఇంకో కంపైలర్లో ఇంకేదైనా రావచ్చు, నియమం ప్రకారం దీనికి జవాబంటూ లేదు.

ఇప్పుడు నీ కోడ్‌లోనే ఇంకో కాల్ చూడు. పౌకి రెండోది నెలలు ఇచ్చావు. అదీ ఇంటే, పౌ అడిగేదేమో డబుల్. అక్కడ గొడవెందుకు రాలేదు? మ్యాథ్.హెచ్‌లో పౌ ప్రకటన పూర్తిగా, పారామీటర్ల రకాలతో సహా ఉంది. కంపైలర్ అది చూసి ‘ఓహో, డబుల్ కావాలా’ అని ఇంట్‌ని తానే డబుల్‌గా మార్చి పంపింది. ఒకే ప్రోగ్రాంలో ఒక ఫంక్షన్‌కి ప్రోటోటైప్, అంటే రకాలతో సహా పూర్తి ప్రకటన ఉంది, ఒకదానికి లేదు. ఎక్స్‌టర్నల్ ‘హెడర్ ఎందుకు?’ అని అడిగితే ఈ రెండు లైన్లు చూపించు, ఇంకే డెఫినిషనూ బట్టీ పట్టక్కర్లేదు.

కాబట్టి పైన ఇలా మార్చు:

డబుల్ వడ్డీ(డబుల్ అసలు, డబుల్ రేటు, ఇంట్ నెలలు);

కింద నిర్వచనంలోనూ మొదటి లైన్ ఇదే, సెమికోలన్ మాత్రం ఉండదు, దాని కింద రకాలు రాసిన ఆ రెండు లైన్లు తీసెయ్. అప్పుడు 10000 అన్నా 10000.0 అన్నా ఒకటే జవాబు, 12682.42 రావాలి. పైన ప్రోటోటైప్‌లో పేర్లు రాయకపోయినా, (డబుల్, డబుల్, ఇంట్) అన్నా చెల్లుతుంది. రాస్తే మాత్రం చదివేవాడికి ఏది ఏమిటో తెలుస్తుంది, నా పిల్లలకి రాయమనే చెబుతాను.

ఈ ప్రోటోటైప్ పద్ధతి సి ప్లస్ ప్లస్ నుంచి సి లోకి వచ్చింది, 1989 ప్రామాణికంలో స్థిరపడింది. పాతదాన్ని మాత్రం వెంటనే తీసెయ్యలేదు, దశాబ్దాలు భరించారు, సి 23 వచ్చాకే పూర్తిగా తీసేశారు. ఆ కొత్త ప్రామాణికంలో ఖాళీ బ్రాకెట్లంటే నిజంగానే ‘ఏమీ తీసుకోదు’ అని. 2025లో వచ్చిన జీసీసీ 15 మామూలుగానే ఆ ప్రామాణికంతో నడుస్తుంది, దాంట్లో నీ కోడ్ 0.00 దాకా కూడా పోదు, కంపైల్ దగ్గరే ఆగిపోతుంది. ఆ ఆన్‌లైన్ కంపైలర్ పాతది కాబట్టి పాపం మొహమాటానికి పోయింది.

ఇకనుంచి -డబ్ల్యూఆల్‌తో పాటు -డబ్ల్యూస్ట్రిక్ట్-ప్రోటోటైప్స్ కూడా పెట్టి కంపైల్ చెయ్. ఖాళీ బ్రాకెట్లు ఎక్కడున్నా వార్నింగ్ ఇస్తుంది. ఉత్త -డబ్ల్యూఆల్‌కి ఇది దొరకదు.

నాలుగో బెంచీ

సార్, 12682.42 వచ్చింది!! ల్యాప్‌టాప్‌లోనే వచ్చింది, -ఎల్ఎం చివర పెట్టా. రిజిస్టర్ల సంగతి రూమ్మేట్‌కి చెబితే వాడు టీ కూడా తాగకుండా విన్నాడు.

ఇంకొక్కటి అడిగి వదిలేస్తా. మా బ్యాచ్‌కి మినీ ప్రాజెక్ట్ కూడా ఉంది. వడ్డీ ఫంక్షన్‌ని వడ్డీ.సి అని వేరే ఫైల్లో పెట్టి, మెయిన్.సి లో #ఇంక్లూడ్ "వడ్డీ.సి" అన్నా, నడిచింది. మా వాడు రిపోర్ట్.సి అని ఇంకో ఫైల్ రాసి వాడూ అలాగే ఇంక్లూడ్ చేశాడు. రెండూ కలిపి కంపైల్ చేస్తే ‘మల్టిపుల్ డెఫినిషన్ ఆఫ్ వడ్డీ’. ఎవరో ఇంక్లూడ్ గార్డ్ పెట్టమన్నారు, ఇఫ్‌ఎన్‌డెఫ్, డిఫైన్, ఎండిఫ్ పెట్టా, పోలేదు.

సెమికోలన్ మర్చిపోయినవాడు

ఇంక్లూడ్ అంటే కాపీ పేస్ట్, అంతకుమించి ఏమీ లేదు. ‘జీసీసీ -ఈ మెయిన్.సి’ అని కొట్టి చూడు, నీ పది లైన్ల ప్రోగ్రాం వందల లైన్లై బయటపడుతుంది, అడుగున ఎక్కడో నీ మెయిన్ ఉంటుంది. నువ్వు వడ్డీ.సి ని ఇంక్లూడ్ చేస్తే వడ్డీ కోడ్ మెయిన్‌లో అతుక్కుంది, రిపోర్ట్‌లోనూ అతుక్కుంది. ఇప్పుడు లింకర్ చేతిలో ఒకే పేరుతో రెండు హాళ్లు, ఆటోవాడు దేనికి పోవాలి?

గార్డ్ ఎందుకు ఆపలేదంటే, జీసీసీ మెయిన్.సి ని ఒకసారి, రిపోర్ట్.సి ని ఇంకోసారి విడివిడిగా కంపైల్ చేస్తుంది. మొదటిదాంట్లో పెట్టిన డిఫైన్ రెండోదానికి గుర్తుండదు. ఒకే ఫైల్లో ఒకే హెడర్ రెండుసార్లు దూరకుండా కాపలా కాయడం వరకే గార్డ్ పని.

వడ్డీ.హెచ్ అని ఫైల్ పెట్టి, గార్డ్ మధ్యలో ఆ ఒక్క ప్రోటోటైప్ రాయి. మెయిన్, రిపోర్ట్ రెండూ #ఇంక్లూడ్ "వడ్డీ.హెచ్" అంటాయి. వడ్డీ.సి కూడా దాన్నే ఇంక్లూడ్ చేయాలి, ఇది చాలామంది ఎగ్గొడతారు, కానీ చేస్తే రేపు నువ్వు ఒకచోట పారామీటర్ మార్చి ఇంకోచోట మర్చిపోయినా కంపైలర్ అక్కడికక్కడే పట్టుకుంటుంది. ఆ తర్వాత:

జీసీసీ మెయిన్.సి రిపోర్ట్.సి వడ్డీ.సి -ఎల్ఎం

కోట్స్ పెడితే ముందు ఆ ఫైలున్న ఫోల్డర్లోనే వెతుకుతుంది, దొరక్కపోతే సిస్టమ్ ఫోల్డర్లకి పోతుంది. యాంగిల్ బ్రాకెట్లు పెడితే సిస్టమ్ ఫోల్డర్లే. అందుకే సొంతవాటికి కోట్స్.

రెండో షిఫ్ట్

పిల్లాడి ప్రశ్న అయిపోయిందని తెలుసు, ఐనా నా గోడు ఒకటి చెప్పుకుంటా. కొన్నేళ్ల క్రితం పాత 32 బిట్ కోడ్‌ని 64 బిట్‌కి మార్చే పని నా నెత్తిన పడింది. కంపెనీ పేరు వద్దు. పగలంతా బాగానే ఉండేది, డేటా పెరిగేసరికి రాత్రి పూట సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ప్రోగ్రాం కూలిపోయేది. మూడు రాత్రులు మాదాపూర్‌లో క్యాంటీన్ టీ మీద బతికాం. చివరికి తేలింది ఏంటంటే ఒక ఫైల్లో ఎస్‌టీడీలిబ్.హెచ్ లేదు. ప్రకటన లేకపోతే పాత నియమం ప్రకారం కంపైలర్, మెమరీ కేటాయించి దాని అడ్రస్ (పాయింటర్) తిరిగిచ్చే మాలాక్ ఫంక్షన్ ఇంట్ తిరిగిస్తుందనుకుంటుంది. 32 బిట్‌లో ఇంట్, పాయింటర్ రెండూ నాలుగు బైట్లే కాబట్టి ఏళ్ల తరబడి నడిచిపోయింది. 64 బిట్‌లో పాయింటర్ ఎనిమిది బైట్లు, పై సగం ఎగిరిపోయింది. అడ్రస్ చిన్నదైనంతసేపు ఎగిరేది సున్నాలే కాబట్టి ఎవరికీ తెలియలేదు. పైగా ఎవరో మహానుభావుడు మాలాక్ ముందు క్యాస్ట్ (‘దీన్ని ఈ రకంగానే తీసుకో’ అనే మాట) పెట్టి ఉన్న కాస్త వార్నింగునీ నోరు మూయించాడు.

ప్రకటన లేకుండా ఫంక్షన్‌ని పిలిచే పద్ధతిని సి 99లోనే తీసేశారు, జీసీసీ మాత్రం వార్నింగ్‌తోనే సరిపెడుతూ వచ్చింది, 2024లో జీసీసీ 14 నుంచి ఎర్రర్ చేశారు. ఆ పని పాతికేళ్ల ముందు చేసి ఉంటే నేను మూడు రాత్రులు ఇంట్లో పడుకునేవాణ్ణి.

నాలుగో బెంచీ

మూడు ఫైళ్లూ కలిశాయి, ఎర్రర్ పోయింది. అందరికీ థాంక్స్. ల్యాబ్‌లో టర్బో సి మీద కూడా ప్రోటోటైపే రాస్తా, అది కూడా ఒప్పుకుంటుంది కదా సార్?

కోఠి పాతపుస్తకం

ఒప్పుకుంటుంది. అక్కడ -ఎల్ఎం గోల కూడా ఉండదు, మ్యాథ్ లైబ్రరీని అదే కలుపుకుంటుంది. కోనియో.హెచ్, చివర కీ నొక్కేదాకా ఆపే గెట్‌సీహెచ్ మాత్రం అక్కడ మళ్లీ పెట్టుకో, లేకపోతే అవుట్‌పుట్ కనపడే లోపే తెర మూసుకుపోయిందని కంగారు పడతావు.

నాలుగో బెంచీ

ఓకే సార్. ఇందాక అమ్మకి ఫోన్ చేసి ‘పదివేలు నూటికి రెండు రూపాయల మీద ఇస్తే ఏడాదికి 12682 వస్తుంది’ అని గొప్పగా చెప్పా. ‘12400 రా, మన ఊళ్లో ఎవడ్రా వడ్డీ మీద వడ్డీ కట్టేది’ అంది.

సెమికోలన్ మర్చిపోయినవాడు

మీ అమ్మగారి లెక్కకి పౌ అక్కర్లేదు. -ఎల్ఎం కూడా అక్కర్లేదు.